రెండో యజమాని లెక్క

అరవై, డెబ్బై లక్షలు పోసి కొన్న జర్మన్ సెడాన్ ఏడెనిమిదేళ్లు తిరిగేసరికి ఇరవై లక్షల దగ్గరకు దిగుతుంది. అదే డబ్బుకు షోరూంలో కొత్త క్రెటా పెద్ద మోడల్ వస్తుంది. ఒక పక్క మెత్తటి తోలు సీట్లు, తలుపు వేస్తే వినిపించే బరువైన చప్పుడు, ముందు మెరిసే నక్షత్రం. ఇంకో పక్క వీధిలో నాలుగిళ్లకొకటి కనిపించే బండి. మనసు ఎటు లాగుతుందో చెప్పక్కర్లేదు. హైదరాబాద్‌లో, విజయవాడలో, విశాఖలో సెకండ్ హ్యాండ్ లగ్జరీ కార్ల వ్యాపారం నడిచేది ఆ లాగుడు మీదే.

ఈ కోరికను నేను చిన్నచూపు చూడను. సొంత కష్టంతో పైకొచ్చిన మనిషికి, ఒకప్పుడు దూరం నుంచి చూసిన బండిలో అమ్మానాన్నల్ని కూర్చోబెట్టుకుని ఊరికి వెళ్లాలని ఉంటుంది. ఉండాలి కూడా. అందుకే ఈ అధ్యాయం లగ్జరీ కారు కొనొద్దని చెప్పదు. ఏం కొంటున్నారో తెలిసి కొనమని మాత్రం గట్టిగా చెబుతుంది. డెబ్బై లక్షల బండి ఇరవై లక్షలకు దిగడం మీ అదృష్టం కాదు. ముందు ముందు దాని మీద పెట్టాల్సిన ఖర్చును మార్కెట్ ముందే తీసేసి చెప్పిన ధర అది.

బండి ధర తగ్గుతుంది గానీ విడిభాగాల ధర తగ్గదు. ఇరవై లక్షలకు కొన్నా మీరు నడిపేది డెబ్బై లక్షల బండినే. దాని హెడ్‌లైట్, దాని గేర్‌బాక్స్, దాని సస్పెన్షన్ అన్నీ ఆ పాత ధరకు తగ్గట్టే ఉంటాయి. ఒక్క ఎల్‌ఈడీ హెడ్‌లైట్ పగిలితే లక్ష దాటే మోడళ్లు ఎన్నో ఉన్నాయి.

ఆ పేరు ఎక్కడ పుట్టింది

పాత బెంజికి చావు లేదన్న మాట మనలో చాలామంది విన్నదే. ఆ పేరు ఊరికే రాలేదు. 1976 నుంచి 1985 దాకా మెర్సిడెస్ అమ్మిన డబ్ల్యు123 బళ్లు సుమారు 27 లక్షలు. జర్మనీలో టాక్సీలుగా తిరిగి, ఆ తర్వాత ఆఫ్రికా వెళ్లి అక్కడ ఊళ్ల మధ్య జనాన్ని మోస్తూ ఇంకో రెండు మూడు దశాబ్దాలు తిరిగాయి. అంతకు ముందు తరం డీజిల్ బండి, 1976 నాటి 240డి ఒకటి, గ్రీస్‌లోని థెస్సలోనికిలో టాక్సీగా 46 లక్షల కిలోమీటర్లు తిరిగింది. దాని యజమాని 2004లో దాన్ని కంపెనీకే అప్పగించాడు. మెర్సిడెస్ దాన్ని మ్యూజియంలో పెట్టింది. ఇన్ని కిలోమీటర్లలో దాని ఇంజన్ ఎన్నోసార్లు దించి మార్చారు. ఆ కథలో నన్ను ఎక్కువగా కదిలించేది అదే. బండి ఎప్పుడూ చెడిపోలేదని ఎవరూ చెప్పలేదు. చెడిపోయినప్పుడు మామూలు మెకానిక్, మామూలు పనిముట్లతో బాగుచేసుకునేలా దాన్ని తయారు చేశారు.

మెర్సిడెస్ 1994లో మన దేశంలో కంపెనీ పెట్టి, పుణెలో బిగించి అమ్మిన మొదటి బండి డబ్ల్యు124. అది కూడా ఆ పాత పద్ధతిలో తయారైనదే. మన ముందు తరం నమ్మకం అలాంటి బండి మీద కుదిరింది. మనం ఆ నమ్మకాన్ని తీసుకెళ్లి ఇప్పటి బండి మీద పెడుతున్నాం. ఈ రెంటి మధ్య చాలా జరిగింది.

1983లో టొయోటా అధిపతి ఎయిజీ టొయోడా ప్రపంచంలోకెల్లా మంచి కారు తయారు చేయగలమా అని తన వాళ్లను అడిగాడు. దానికి జవాబుగా 1989 జనవరిలో డెట్రాయిట్‌లో లెక్సస్ ఎల్ఎస్ 400 వచ్చింది. దాని మొదటి ధర 35,000 డాలర్లు. దానితో పోల్చదగ్గ పెద్ద మెర్సిడెస్ ధరలో సగానికి కాస్త ఎక్కువ. అదే ఏడాది డిసెంబరులో బ్రేక్ లైటు వైరింగులో, క్రూయిజ్ కంట్రోల్‌లో లోపాలు బయటపడితే, లెక్సస్ సుమారు 8,000 బళ్లను వెనక్కి పిలిచింది. మనుషులను యజమానుల ఇళ్లకు పంపి, బళ్లు తీసుకెళ్లి, బాగుచేసి, కడిగి, పెట్రోలు నింపి తెచ్చి ఇచ్చింది. ఆ కాలపు ఎల్ఎస్ 400ల గట్టితనం ఎలాంటిదంటే, 1996 నాటి బండి ఒకటి 2019లో పది లక్షల మైళ్లు, అంటే 16 లక్షల కిలోమీటర్లు పూర్తి చేసింది.

జర్మన్ల లెక్కలు అక్కడ తలకిందులయ్యాయి. అప్పటిదాకా ఇంజనీర్లు తమకు నచ్చినంత బాగా బండి తయారు చేసేవారు, అయిన ఖర్చును బట్టి ధర పెట్టేవారు. 1991లో వచ్చిన పెద్ద ఎస్-క్లాస్, డబ్ల్యు140, అలా ఖర్చు అంచనాలన్నీ దాటి వచ్చిన ఆఖరి బండి. ఆ తర్వాత వరస మారింది. మార్కెట్లో ఇంత ధర పలుకుతుంది, అందులో ఇంత లాభం కావాలి, మిగిలిన దాంట్లో తయారు చేయండి అన్నారు. వ్యాపారంగా అది తప్పు కాదు. కానీ ఆ కోత ఎక్కడ పడిందో చూడండి. షోరూంలో చేతికి తగిలే చోట పడలేదు. తోలు, చెక్క, తెరలు, లైట్లు ఏటేటా ఇంకా అందంగా తయారయ్యాయి. కోత కంటికి కనిపించని చోట పడింది.

1990ల మొదట్లో మెర్సిడెస్ ఇంజన్ల వైర్లకు పర్యావరణానికి మంచిదని వేసిన కొత్త రకం తొడుగు ఇంజన్ వేడికి పెళుసై రాలిపోయింది. ఆ దశాబ్దం చివర్లో వచ్చిన ఇ-క్లాస్‌లు తలుపుల అంచుల్లో తుప్పు పట్టాయి. 2001లో తెచ్చిన ఎలక్ట్రానిక్ బ్రేకు వ్యవస్థ వల్ల 2004లో 6,80,000 బళ్లను వెనక్కి పిలవాల్సి వచ్చింది. 2005లో బ్రేకులు, ఆల్టర్నేటర్లు, బ్యాటరీ సాఫ్ట్‌వేర్ అన్నీ కలిపి 13 లక్షల బళ్లను పిలిచారు. ఆఖరికి ఇ-క్లాస్‌లో ఆ బ్రేకు వ్యవస్థను తీసేసి మామూలు హైడ్రాలిక్ బ్రేకులకే తిరిగి వెళ్లారు. ఇదంతా ఒక్క మెర్సిడెస్ సంగతి అనుకోవద్దు. 2018లో దక్షిణ కొరియాలో బీఎండబ్ల్యూ డీజిల్ కార్లు వరసగా తగలబడ్డాయి. పొగను వెనక్కి పంపే ఈజీఆర్ కూలర్‌లో నుంచి కూలెంట్ కారి అక్కడ పేరుకున్న మసికి అంటుకోవడమే కారణమని తేలింది. ప్రపంచమంతా కలిపి 16 లక్షల బళ్లను వెనక్కి పిలిచారు. 2024 సెప్టెంబరులో బ్రేకు యూనిట్ లోపంతో అదే కంపెనీకి చెందిన 15 లక్షల బళ్ల వంతు వచ్చింది. ఆ యూనిట్ కాంటినెంటల్ అనే సరఫరాదారు దగ్గర తయారైనది.

ఒక మాట న్యాయంగా చెప్పాలి. ఇనుము, పెయింటు, ప్రమాదంలో ప్రాణం కాపాడే కట్టుబడి విషయంలో ఇప్పటి బళ్లు ఆ పాత వాటికంటే ఎంతో మెరుగు. అమెరికాలో రోడ్డు మీదున్న బళ్ల సగటు వయసు 2024లో 12.6 ఏళ్లు, అంటే కార్లు మొత్తం మీద ఎక్కువ కాలమే బతుకుతున్నాయి. కాబట్టి లగ్జరీ కారు కొత్తలో నాసిరకమని ఎవరైనా అంటే నమ్మకండి. కొత్తలో అది చాలా బాగుంటుంది. నా ఫిర్యాదు ఆరో ఏడు నుంచి పన్నెండో ఏడు దాకా ఉన్న కాలం గురించి. మన ఊళ్లలో ఈ బళ్లు మధ్యతరగతి చేతికి వచ్చేది సరిగ్గా ఆ కాలంలోనే.

బండి ఎవరి కోసం తయారవుతుంది

అమెరికాలో లగ్జరీ కార్లలో పెద్ద వాటా లీజు మీద పోతుంది. యూరప్‌లో కంపెనీలు ఉద్యోగులకు ఇచ్చే బళ్లు ఎక్కువ. మూడేళ్లు, మహా అయితే నాలుగేళ్లు వాడి తిరిగి ఇచ్చేస్తారు. అంటే తయారీదారుకు డబ్బిచ్చే అసలు గిరాకీ ఆ మొదటి మూడు నాలుగేళ్ల మనిషే. అతనికి కావాల్సింది ఏమిటి? నెలకు తక్కువ కిస్తీ, సర్వీసు ఖర్చు లేకపోవడం, కొత్త కొత్త హంగులు. పదో ఏట గేర్‌బాక్స్ ఏమవుతుందన్నది అతని సమస్య కాదు. కాబట్టి కంపెనీ బేరంలో పదో ఏటికి ఎవరూ గొంతు ఎత్తరు. ఈ అధ్యాయంలో మీరు ఒక్క సంగతే గుర్తుపెట్టుకుంటానంటే ఇది గుర్తుపెట్టుకోండి. మీరు కొంటున్న బండిని తయారు చేసేటప్పుడు మీరు ఎవరి లెక్కలోనూ లేరు. ఆ లెక్క మీరే వేసుకోవాలి.

దీనికి గేర్‌బాక్స్ ఆయిల్‌ను మించిన ఉదాహరణ లేదు. చాలా కార్ల పుస్తకంలో ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఆయిల్ జీవితకాలం పనిచేస్తుంది, మార్చక్కర్లేదు అని ఉంటుంది. బీఎండబ్ల్యూ, ఆడీ, జాగ్వార్, ల్యాండ్ రోవర్‌లలో ఎన్నిటికో ఎనిమిది గేర్ల పెట్టెను తయారుచేసి ఇచ్చే జెడ్ఎఫ్ కంపెనీ మాత్రం 80,000 నుంచి 1,20,000 కిలోమీటర్ల మధ్యలో, లేదా ఎనిమిదేళ్లకు ఆయిల్ మార్చమంటుంది. తయారుచేసినవాడు ఒకటి చెబుతుంటే, దాన్ని బిగించి అమ్మినవాడు ఇంకొకటి చెబుతున్నాడు. మొదటి యజమాని ఆ ఎనిమిదేళ్లు ఎలాగూ ఉంచుకోడు. ఆయిల్ మార్చని పెట్టె జెర్కులు మొదలుపెట్టే వేళకు ఆర్‌సీ మీద మీ పేరు ఉంటుంది. ఇంజన్ ఆయిల్ కథ కూడా ఇదే. పాతిక వేల కిలోమీటర్లకు ఒకసారి మారిస్తే చాలని పెట్టిన గడువులు మొదటి మూడేళ్ల ఖర్చును తక్కువగా చూపించడానికి బాగా పనికొస్తాయి.

రెండో కారణం పొగ నిబంధనలు. యూరప్‌లో కంపెనీలు అమ్మే బళ్ల సగటు కార్బన్ డయాక్సైడ్ కిలోమీటరుకు 95 గ్రాములకు దిగాలని పెట్టిన లక్ష్యం 2020, 2021 నాటికి పూర్తిగా అమల్లోకి వచ్చింది. గాలి బాగుపడాలంటే ఆ నిబంధనలు కావాలి, దాని గురించి నాకు రెండో ఆలోచన లేదు. కానీ వాటి బరువు ఇంజన్ మోసింది. పెద్ద ఇంజన్ పోయి చిన్న ఇంజన్ మీద టర్బో వచ్చింది. ఇంధనం నేరుగా సిలిండర్‌లోకి కొట్టడంతో వాల్వుల వెనక మసి పేరుకోవడం మొదలైంది. రాపిడి తగ్గించడానికి పిస్టన్ రింగులు సన్నబడ్డాయి. 2009, 2010 నాటి ఆడీల రెండు లీటర్ల టర్బో పెట్రోల్ ఇంజన్లు ఆయిల్ తాగుతున్నాయని అమెరికాలో యజమానులు కోర్టుకెళ్తే కంపెనీ ఒప్పందానికి వచ్చింది. బీఎండబ్ల్యూ 2008లో తెచ్చిన ఎన్63 వి8 ఇంజన్‌లో టర్బోలను రెండు వరసల సిలిండర్ల మధ్య లోయలో పెట్టారు. శక్తికి అది మంచిదే, కానీ ఆ వేడికి చుట్టూ ఉన్న రబ్బరు సీళ్లు, పైపులు వయసుకు ముందే గట్టిపడ్డాయి. 2014లో ఆ ఇంజన్ల కోసం కంపెనీ ప్రత్యేకంగా ఉచిత మరమ్మతుల ప్యాకేజీ ప్రకటించాల్సి వచ్చింది. అంత వేడి ఇంజన్‌ను మే నెల విజయవాడ ట్రాఫిక్‌లో గంట సేపు నిలబెడితే పరిస్థితి ఏమిటో ఊహించుకోండి.

మన దగ్గర సెకండ్ హ్యాండ్‌లో బాగా తిరిగే 320డి, 520డి బళ్లలో కొన్నేళ్లపాటు వాడిన ఎన్47 డీజిల్ ఇంజన్ సంగతి విడిగా చెప్పాలి. దానికి టైమింగ్ చైన్ ఇంజన్ వెనక, గేర్‌బాక్స్ వైపు ఉంటుంది. మొదటి ఏళ్లలో తయారైన వాటిలో ఆ చైన్ సాగడం, తెగడం అందరికీ తెలిసిన జబ్బు. ముందు వైపు ఉంటే చిన్న పని. వెనక ఉండటం వల్ల ఇంజనో గేర్‌బాక్సో దించితే గానీ చెయ్యి పెట్టడానికి లేదు. చైన్ ధర బిల్లులో ఒక మూలన ఉంటుంది, మిగతాదంతా కూలీయే. చైన్ తెగితే వాల్వులు పిస్టన్లకు తగిలి ఇంజనే పోతుంది.

ప్లాస్టిక్ గురించి ఎక్కువ చెప్పను. కూలెంట్ డబ్బా, థర్మోస్టాట్ పెట్టె, నీళ్ల పైపుల జాయింట్లు ఇప్పుడు ప్లాస్టిక్. వేడెక్కి చల్లారి, వేడెక్కి చల్లారి ఏదో ఒక రోజు చిట్లుతాయి. అవి చవకే. అవి చిట్లినప్పుడు ఆపకుండా నడిపితే పోయే ఇంజన్ చవక కాదు.

ఇక తెరలు, సాఫ్ట్‌వేర్. మూడేళ్ల వయసున్న బళ్ల మీద అమెరికాలో జె.డి. పవర్ సంస్థ ఏటా యజమానులను అడిగి వంద బళ్లకు ఎన్ని సమస్యలో లెక్కగడుతుంది. 2023లో సగటు 186. లెక్సస్ 133తో పైన ఉంది. ల్యాండ్ రోవర్ 273తో అడుగున ఉంది. రెండూ లగ్జరీ పేర్లే. ధర ఎక్కువైతే గట్టితనం కూడా ఎక్కువ అనే నమ్మకం ఈ ఒక్క వరస ముందే నిలబడదు. ఆ సమస్యల్లో అన్నిటికంటే ఎక్కువ వచ్చేవి తెరలు, ఫోన్ కలపడం, నావిగేషన్ లాంటివి.

కొనే ముందు

బ్రాండును పక్కన పెట్టి ఇంజన్‌ను ఎంచుకోండి. 'బీఎండబ్ల్యూ మంచిదా, ఆడీ మంచిదా' అని అడిగితే నా దగ్గర జవాబు లేదు. ఏ ఏడాది, ఏ ఇంజన్, ఏ గేర్‌బాక్స్ అని అడిగితే ఉంది. ఒకే కంపెనీ, ఒకే ఏడాది, రెండు ఇంజన్లలో ఒకటి రత్నం, ఒకటి గుదిబండ కావచ్చు. ఎన్63 పేరు పాడైన అదే బీఎండబ్ల్యూలో 2015 నుంచి వచ్చిన ఆరు సిలిండర్ల పెట్రోల్ ఇంజన్ బి58కి మెకానిక్‌లలో మంచి పేరుంది. హంగులు ఎంత తక్కువ ఉంటే అంత మంచిది. ఎయిర్ సస్పెన్షన్ లేకుండా మామూలు స్ప్రింగులున్న బండి దొరికితే అదే తీసుకోండి. గాలి బ్యాగుల రబ్బరు మన ఎండకు ఆరేడేళ్లలో పగుళ్లిస్తుంది, వెనకే కంప్రెసర్ పోతుంది. బ్యాడ్జి కన్నా నిశ్చింత ముఖ్యమనుకునేవారు లెక్సస్ ఇఎస్ 300హెచ్ చూడండి. లెక్సస్ మన దేశానికి 2017లో వచ్చింది, ఆ మోడల్‌ను 2020 నుంచి ఇక్కడే బిగిస్తున్నారు.

బండి కంటే ముందు మెకానిక్‌ను వెతకండి. ఈ మాట చాలామందికి తలకిందులుగా కనిపిస్తుంది. హైదరాబాద్‌లో జర్మన్ బళ్లు మాత్రమే చేసే బయటి వర్క్‌షాపులు చాలానే ఉన్నాయి. కంపెనీ స్కానర్ సాఫ్ట్‌వేర్, అంటే బీఎండబ్ల్యూకి ఇస్టా, మెర్సిడెస్‌కి జెంట్రీ, ఆడీకి ఓడిస్ ఉన్న చోటు చూసుకోండి. మీరు ఉండేది ఒంగోలులోనో కరీంనగర్‌లోనో అయితే, చెక్ లైట్ వెలిగిన ప్రతిసారీ బండిని ఫ్లాట్‌బెడ్ మీద హైదరాబాద్ పంపాలా అన్నది కొనక ముందే తేల్చుకోవాలి. అమ్మేవాడి మెకానిక్ మాట తీసుకోకండి. మీ మెకానిక్‌కు డబ్బిచ్చి బండి చూపించండి. ఆయన వద్దంటే ఆ డబ్బు ఖర్చు కాదు.

బండి చూడ్డానికి పొద్దున్నే వెళ్లండి. ఇంజన్ వేడి చేసి ఉంచొద్దని ముందే చెప్పండి. వెళ్లగానే బానెట్ మీద చెయ్యి పెట్టి చూడండి. వెచ్చగా ఉంటే ఎందుకు ఉందో అడగండి. చల్లటి ఇంజన్ స్టార్ట్ చేసిన మొదటి రెండు మూడు సెకన్లలో గొలుసు గలగల వినిపిస్తే అక్కడే ఆగండి. రాత్రంతా నిలబడిన బండి ఒక మూల కిందకు దిగి ఉంటే ఎయిర్ సస్పెన్షన్ కారుతున్నట్టు. అయిదు పది నిమిషాలు అలా ఆన్‌లో ఉంచి ఒక్కసారి ఆక్సిలరేటర్ తొక్కితే సైలెన్సర్‌లో నీలం పొగ వస్తే ఇంజన్ ఆయిల్ తాగుతున్నట్టు. తర్వాత ట్రాఫిక్‌లో అరగంట నడపండి. గేర్‌బాక్స్ అసలు గుణం వేడెక్కాకే బయటపడుతుంది. ఆ తర్వాత కూర్చుని ఉన్న ప్రతి మీటా నొక్కండి. ప్రతి అద్దం, ప్రతి సీటు మోటారు, కెమెరా, సన్‌రూఫ్. సన్‌రూఫ్ నీళ్లు పోయే సన్న గొట్టాలు మూసుకుపోతే వాన నీరు కార్పెట్ కిందకు, డిక్కీలోకి చేరుతుంది. అక్కడే కంట్రోల్ యూనిట్లు ఉంటాయి.

స్కానర్ పెట్టినప్పుడు తప్పుల కోడ్‌లు ఏమీ లేవని సంతోషపడకండి. ఈ మధ్యే చెరిపేశారేమో చూడమనండి. మీటర్ రీడింగును ఒక్క డ్యాష్‌బోర్డులోనే కాకుండా మిగతా యూనిట్లలో కూడా సరిపోల్చమనండి. కొన్ని బీఎండబ్ల్యూల తాళంచెవిలో కూడా కిలోమీటర్ల లెక్క నమోదై ఉంటుంది. సర్వీసు చరిత్రను కంపెనీ సర్వీసు సెంటర్‌లో నేరుగా అడిగి తెలుసుకోండి.

వరద బండి విషయంలో మరీ జాగ్రత్త. 2015 డిసెంబరులో చెన్నై, 2020 అక్టోబరులో హైదరాబాద్, 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ. అప్పుడు మునిగిన కార్లన్నీ తుక్కు కాలేదు. కొన్ని కడిగి, ఆరబెట్టి, సెంటు కొట్టి ఇంకో ఊళ్లో అమ్మకానికి వచ్చాయి. సీటు బెల్టును చివరిదాకా లాగి బురద గీత ఉందేమో చూడండి. సీట్ల కింద పట్టాల మీద తుప్పు, కార్పెట్ కింద తేమ, కనెక్టర్ల దగ్గర పచ్చటి మరకలు చూడండి. మునిగిన బండి ఈ రోజు బాగానే నడుస్తుంది. వైర్ల చివర్లలో మొదలైన తుప్పు ఏడాదికో రెండేళ్లకో ఒక్కో వ్యవస్థను పడగొట్టుకుంటూ వస్తుంది. ఎంత చవకగా ఇచ్చినా దాన్ని ముట్టుకోకండి.

ఢిల్లీ బండి చవకగా వస్తుందంటే దానికీ కారణం ఉంది. అక్కడ డీజిల్‌కు పదేళ్లు, పెట్రోల్‌కు పదిహేనేళ్లు అన్న గడువు భయంతో యజమానులు ముందే వదిలించుకుంటూ వచ్చారు. బండి మంచిదే కావచ్చు. కానీ ఎన్‌ఓసీ, బాకీ ఉన్న చలాన్లు, ఇక్కడ కట్టాల్సిన లైఫ్ ట్యాక్స్, రిజిస్ట్రేషన్ మార్పు అన్నీ కలుపుకున్నాకే అది చవకో కాదో చెప్పాలి. లైఫ్ ట్యాక్స్ ఎంతో ఆర్‌టీఏలో అడిగి తెలుసుకునే దాకా అడ్వాన్స్ ఇవ్వకండి.

డబ్బు సంగతి

ఇరవై లక్షలు చేతిలో ఉంటే ఇరవై లక్షల బండి కొనకండి. పదిహేను, పదహారు లక్షల బండి చూడండి. మిగిలింది విడి ఖాతాలో వేసి, ఆ కారు పేరు మీదే ఉంచండి. ఆ తర్వాత ప్రతి ఏటా కొన్న ధరలో పదో వంతు అందులో చేరుస్తూ పోండి. ఇది నా అంచనా, శాస్త్రం కాదు. కానీ వారంటీ తీరిన జర్మన్ బండికి ఇంతకంటే తక్కువ పెట్టుకున్నవాళ్లు ఇబ్బంది పడటమే నేను చూశాను. నాలుగు టైర్లు, బ్రేకు ప్యాడ్లతో పాటు డిస్కులు, బ్యాటరీ మార్చి దాన్ని బండికి నమోదు చేయించడం. ఇవి జబ్బులు కావు, మామూలు తిండి. ఇవే ఒకే ఏడాదిలో వచ్చి పడితే ఆ పదో వంతు దాదాపు అయిపోతుంది. గేర్‌బాక్స్ కంట్రోల్ యూనిటో, టర్బోనో పోతే లెక్క లక్షల్లోకి వెళ్తుంది.

బండి కొనడానికి అప్పు, బాగుచేయడానికి మళ్లీ అప్పు అనే స్థితికి మాత్రం వెళ్లకండి. కిస్తీ కడుతూ బండిని షెడ్డులో నిలబెట్టుకున్న కుటుంబాలు ఉన్నాయి. అక్కడ పోయేది డబ్బొక్కటే కాదు. ఇంట్లో మాట పోతుంది, భార్యాభర్తల మధ్య ప్రతి గొడవలోకీ ఆ కారు వస్తుంది. అందుకే ఈ లెక్క కాగితం మీద రాసి, ఇంట్లో వాళ్ల ముందు పెట్టి, వాళ్లు కూడా సరేనన్నాకే బేరానికి వెళ్లండి. ఎక్స్‌టెండెడ్ వారంటీ కంపెనీదే దొరికితే, ధర కాస్త ఎక్కువనిపించినా తీసుకోండి. బయటివాళ్లు అమ్మే వారంటీ అయితే ఏవేవి కవర్ కావో ఆ చిన్న అక్షరాలు చదివి తీసుకోండి. బీమాలో ఇంజన్ ప్రొటెక్షన్ చేర్పించండి. వాన నీటిలో స్టార్ట్ చేసి ఇంజన్ పాడైతే మామూలు పాలసీ సాధారణంగా ఇవ్వదు. బండి వయసు పెరిగే కొద్దీ జీరో డిప్రిసియేషన్ ఇవ్వడానికి కంపెనీలు వెనకాడతాయి, అది కూడా ముందే కనుక్కోండి.

కొన్న తర్వాత

పుస్తకంలో రాసిన గడువుల్ని సగం చేయండి. ఇంజన్ ఆయిల్ ఎనిమిది నుంచి పదివేల కిలోమీటర్లకు, లేదా ఏడాదికి, ఏది ముందైతే అది. కంపెనీ చెప్పిన గ్రేడే వాడండి. గేర్‌బాక్స్ ఆయిల్ ఎప్పుడు మార్చారో ఆధారం లేకపోతే, ముందు ఆ పెట్టె ఆరోగ్యం స్కానర్‌లో చూపించి, కొన్న నెలలోనే మార్పించండి. పదేళ్లు దాటినా కూలెంట్ డబ్బా, థర్మోస్టాట్ ఇంకా పాతవే ఉంటే, చిట్లే దాకా ఆగకుండా మార్చేయండి. డీజిల్ బండి అయితే వారానికోసారైనా ఔటర్ రింగ్ రోడ్డు మీదో హైవే మీదో అరగంట ఒకే వేగంతో నడపండి. పొగలో మసిని పట్టే డీపీఎఫ్ ఆ వేడికే శుభ్రపడుతుంది. ఇంటి నుంచి ఆఫీసుకు అయిదు కిలోమీటర్లు మాత్రమే నడిపే మనిషికి డీజిల్ లగ్జరీ కారు సరిపడదు. 2023కు ముందు తయారైన పెట్రోల్ బండి అయితే ఈ20 పెట్రోలుకు అది సరిపోతుందో లేదో పెట్రోలు మూత దగ్గర, పుస్తకంలో చూడండి.

కూలెంట్ ఉష్ణోగ్రత హెచ్చరిక వస్తే ఇంకో కిలోమీటరే కదా అనుకోకండి. రోడ్డు పక్కన ఆపి ఇంజన్ కట్టేయండి. ఈ బళ్లలో పోయిన ఇంజన్లలో చాలా వాటికి ఆ ఆఖరి కిలోమీటరే కారణం.

ప్రతి బిల్లూ ఒక ఫైలులో పెట్టుకోండి. ఏ తేదీన, ఎన్ని కిలోమీటర్ల దగ్గర, ఏ పార్టు, ఒరిజినలా బయటిదా రాసుకోండి. ఆ ఖర్చు ఒక ఏడాదిలో బండి అప్పటి అమ్మకం ధరలో మూడో వంతు దాటితే, దాన్ని ఇంకా ఉంచుకోవాలా అని కూర్చుని మళ్లీ ఆలోచించండి. ఇంత పెట్టాం కదా అని ఇంకా పెట్టడం మనుషులకు అలవాటు, కార్ల విషయంలో మరీ ఎక్కువ. అమ్మాలనుకుంటే బండి బాగున్నప్పుడే అమ్మండి, ఆ ఫైలుతో సహా ఇవ్వండి. తెలిసిన లోపం ఏదైనా ఉంటే అది కూడా ఆ ఫైలులో రాసి పెట్టండి. మీ దగ్గర కొనే మనిషి కూడా పదిహేనేళ్ల కష్టార్జితంతో అమ్మానాన్నల్ని వెనక సీట్లో కూర్చోబెట్టాలని వచ్చినవాడే కావచ్చు. మీరు అడిగినట్టే అతనూ పొద్దున్నే వచ్చి బానెట్ మీద చెయ్యి పెట్టి చూస్తాడు, చూడనివ్వండి.